ఒక గంపకి మూడు గంపలు

అనగనగా, మా అమ్మమ్మకి వాళ్ళమ్మమ్మ కథలు చెప్పే రోజుల కంటే కూడా ముందు, ఏటి ఒడ్డున ఒక బుల్లి రాజ్యం ఉండేదిట. ఒరే పండూ, కాలు తియ్యరా, చెల్లి మీద పడుతోంది. ఆ, బుల్లి రాజ్యం. రాజుగారు పొద్దున్నే బండి కట్టించుకుంటే మధ్యాన్నం అన్నం వేళకి పొలిమేర దాటిపోయేవాడు. ఊ కొట్టండి మరి, మీరు కొట్టకపోతే నాకే నిద్రొచ్చేస్తుంది.

ఆ రాజ్యానికి ఒకటే కాలవ. ఏట్లోంచి బయల్దేరి, ఊరూరా తిరిగి, చిట్టచివర తోకపల్లి అనే ఊళ్ళో ఆగిపోయేది. ఏటా వానలు పడే ముందు జనమంతా పారలు పట్టుకుని కాలవలో దిగి పూడిక తీసేవాళ్ళు. తీసినన్నాళ్ళూ రాజుగారి గాదెలోంచి వాళ్ళకి అన్నం. తాతల నాటి ఆచారం అది. అందరికంటే ముందు దిగేవాడు తోకపల్లి అప్పలసూరి. ముసలాడే, కానీ మొదటి పార తనే వెయ్యాలి. ఎందుకంటావేం పండూ, పూడిక తియ్యకపోతే ముందు ఎండేది ఆ చివరి పొలాలే కదా.

ఈ బుల్లి రాజుకి పైన ఒక చక్రవర్తి. ఆయన దగ్గర్నించి ఒకనాడు కబురొచ్చింది. బాటసారుల కోసం సత్రాలు కట్టించండి, మీరు ఒక గంప గింజలు పోస్తే నేను మూడు గంపలు పోస్తాను అని. అయితే ఆ గింజలు సత్రాలకే, వేరే పనికి ఒక్క గింజ వాడినా మరుసటేడు నించి ఇవ్వను అని.

చక్రవర్తికి గింజలెక్కడివా? మంచి మాటడిగావే బుజ్జీ. ఈ రాజుల దగ్గర పంటలో భాగం కట్టించుకున్నవే. మన గింజలే, ఆయన చేతి మీదుగా తిరిగొస్తున్నాయి. అలాగని ఆయన చెడ్డవాడని అనుకోకండి. ఎండన పడి వచ్చేవాడికి నీడ ఉండాలనుకున్నాడు పాపం.

మన రాజుగారి సంబరం చూడాలి! నా గాదెలో గంప కాలవకి పోస్తే ఒక గంపే, సత్రానికి పోస్తే నాలుగు గంపలు, ఇంత లాభం ఎవడొదులుకుంటాడు అన్నాట్ట. గోడలకి ఒక గంప పోశాడు, మూడు గంపలొచ్చాయి. కప్పుకి ఒక గంప పోశాడు, మూడు గంపలొచ్చాయి. అరుగులకి ఒక గంప, మూడు గంపలు. సున్నానికి ఒక గంప, మూడు గంపలు. మరి కాలవకి? కాలవకి వచ్చే ఏడు. ఊ కొడుతున్నారా?

రాజుగారి కోడలు కోనమ్మ అని, నోరున్న పిల్ల. మావగారి దగ్గరికెళ్ళి, బాటసారులే రాని చోట సత్రమెందుకు, ఆ మూడు గంపలూ కాలవకిమ్మని చక్రవర్తినే అడగొచ్చు కదా అందిట. ఆయనకి మొహమాటం. అడిగితే ఇచ్చేది కూడా మానేస్తాడేమోనని భయం. వచ్చే ఏడు చూద్దాంలే అమ్మా అన్నాడు. వచ్చే ఏడు ఇంకో సత్రం. కాలవకి? వచ్చే ఏడు. ఆ పై ఏడు ఇంకోటి. కాలవకి? చెప్పండి మీరే. ఆ, వచ్చే ఏడు!

గాదెలోంచి అన్నం రాక జనం దిగడం మానేసినా, అప్పలసూరి ఒక్కడే దిగి తవ్వాడుట. ఒక్క ముసలాడు ఎంతని తవ్వుతాడు? మనసుకి కష్టంగా ఉంటుంది ఆ మాట తలుచుకుంటే.

సత్రాలు మాత్రం తెల్లగా మెరిసిపోతున్నాయి. మనుషులే లేరు, పావురాలు కాపరం పెట్టాయి. అట్లాంటిది ఒకనాడు కోనమ్మ వచ్చి, మావయ్యగారూ, సత్రం నిండా బాటసారులొచ్చారు, చూద్దురుగాని రండి అందిట. రాజుగారు పొంగిపోయి, కొత్త పంచె కట్టుకుని వెళ్ళాడు. అరుగుల నిండా మూటలు, చట్టి కుండలు, పిల్లలు. బాబూ, ఏ దేశం మీది, ఎంత దూరం నించి వస్తున్నారు అని ఆప్యాయంగా అడిగాడు.

మూట మీద కూచున్న అప్పలసూరి లేచి దణ్ణం పెట్టాడు.

“దూరం కాదు బాబయ్యా, తోకపల్లి. నీళ్ళు రాక బయల్దేరాం. సత్రం బాగా కట్టించారు.”

వెటకారం కాదర్రా, నిజంగానే అన్నాడు. మర్నాడు తెల్లారేసరికి వాళ్ళంతా మూటలెత్తుకుని సాగిపోయారు.

ఉండండి, ఇంకొక్క ముక్క. ఆ ఏడే చక్రవర్తి పోయి కొడుకు గద్దెక్కాడు. సత్రాలకి ఇక ఇవ్వను, గుర్రపుశాలలు కట్టిస్తే ఇస్తాను అన్నాడు. ఇప్పుడు సత్రాలు ఊడ్పించడానికీ దీపాలు పెట్టించడానికీ రాజుగారి గంపే ఖర్చు. గుర్రపుశాల మాట ఎత్తకుండా ఈసారి గాదె తలుపు తీసి, మొదటి గంప కాలవకి పోశాడాయన.

అంతా కలిసి పూడిక తీశారు. నీళ్ళు తోకపల్లి దాకా పారాయి, వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు, అందరూ సుఖంగా ఉన్నారు అని చెప్పాలి మీకు. ఉన్నారు, చాలామంది ఉన్నారు. అప్పలసూరి మాత్రం రాలేదు. ఏ ఊరు పోయాడో, ఉన్నాడో లేడో ఎవరికీ తెలీదు. రాజుగారు తోకపల్లి గట్టు మీద చాలాసేపు ఎదురుచూసి, చివరికి తనే కాలవలో దిగి మొదటి పార వేశాడు. ఆ తరవాత ఏటా ఆయనే వేసేవాడుట. వేసే ముందు మాత్రం దారి వంక ఒకసారి చూసేవాడుట.

ఎవరన్నా మూడు గంపలిస్తామంటే కళ్ళకద్దుకుని పుచ్చుకోండి, తప్పులేదు. మీ గంప మాత్రం ముందు మీ కాలవకే పొయ్యండి.

ఊ అనటం మానేశావేమే బుజ్జీ, ఏడుస్తున్నావా? వస్తాడులే, నీ కోసం వచ్చే ఏడు వస్తాడు. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.