గంగారాం గట్టిగా అవునన్నాడు

ఒక రాష్ట్రపు శాసనసభలో గంగారాం అనే సభ్యుడు ఉండేవాడు. ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినే ఓపిక అతనికి ఇసుమంతైనా ఉండేది కాదు. ఎవరైనా లేచి గొంతు సవరించుకుంటే చాలు, అతని మోకాలు ఆడటం మొదలయ్యేది. కాసేపటికి గడియారం చూసేవాడు. ఇంకాసేపటికి బల్ల మీద వేళ్ళతో దరువు వేసేవాడు. "గంగారాం గారూ, మీ బల్లకి నొప్పి పుడుతోందండీ" అని పక్కవాళ్ళు ఏడిపించేవారు. అతను నవ్వేవాడు గానీ దరువు మాత్రం ఆపేవాడు కాదు.

మనిషి చెడ్డవాడు కాదు. నాగులవంక చెరువు గట్టున బెస్తవాడలో పుట్టి, వల లాగుతూ చదువుకుని సభదాకా వచ్చినవాడు. ఆ చెరువులో చేపలు పట్టే హక్కును ఏటా వేలం వేసేవారు. పైసలున్న గుత్తేదారు ఎవరో వచ్చి పాడుకునేవాడు. చెరువును చూస్తూ పుట్టి పెరిగిన బెస్తవాళ్ళు ఆ గుత్తేదారు దగ్గర కూలికి వల లాగేవారు. వేలాలు మానిపించి, ఎక్కడి చెరువును అక్కడి మత్స్యకారుల సంఘానికే ఇప్పించే చట్టం తెస్తానని గంగారాం వాళ్ళకు మాట ఇచ్చాడు. సంఘానికి పెద్ద అతని మేనత్త ఎల్లవ్వ. ఆమెకు ఇచ్చిన మాట తప్పితే వాడలో తలెత్తుకుని తిరగలేడు.

అనుకున్నట్టే చెరువుల బిల్లు సభకు వచ్చింది. ఆ సభలో ఒక పాత పద్ధతి ఉండేది. బిల్లులోని ఒక్కో క్లాజునూ సభాపతి పైకి చదివేవాడు. ఎవరికైనా సందేహం ఉందా అని అడిగేవాడు. ఆ తరువాత "ఒప్పుకునేవారు అవును అనండి, ఒప్పుకోనివారు కాదు అనండి" అనేవాడు. మొదట్లో సభకు వచ్చినవాళ్ళలో చదవడం రానివాళ్ళు కూడా ఉండేవారు. వాళ్ళకోసం పెట్టిన పద్ధతి అది. అందరూ చదువుకున్నవాళ్ళే వచ్చినా అది అలాగే నిలిచిపోయింది.

ఆ రోజు సభాపతి మూడో క్లాజు చదివాడో లేదో, ప్రతిపక్షంలోంచి సుభద్రమ్మ లేచింది. ఆమె పాత వకీలు, సభలో అందరికన్నా పెద్దది.

"అధ్యక్షా, ఇందులో తగిన అధికారి అని రాశారు. తగనివాళ్ళెవరో ముందు చెబితే, తగినవాడెవరో మేమే పోల్చుకుంటాం" అంది.

సభ గొల్లున నవ్వింది. గంగారాం మాత్రం నవ్వలేదు. "అధ్యక్షా, ఆమెకి ఇది కోర్టులా కనిపిస్తున్నట్టుంది. ఫీజు ఎవరిస్తున్నారో కనుక్కోండి!" అన్నాడు.

"నువ్వే ఇవ్వు నాయనా, నీ తరఫునే వాదిస్తాను. ముందు కూర్చో" అంది సుభద్రమ్మ.

ఆమె ప్రతి క్లాజుకీ లేచింది. కొన్ని మంచి ప్రశ్నలే అడిగింది. కొన్ని మాత్రం ఊరికే, తన మాట తనకే ముద్దొచ్చి అడిగినవి. సగం క్లాజులు మిగిలి ఉండగానే సమావేశాలు ముగిశాయి. బిల్లు ఆగిపోయింది. ఆ ఏడు కూడా నాగులవంక చెరువును వేలం వేశారు.

"ఏమైంది బిడ్డా?" అని అడిగింది ఎల్లవ్వ.

"ఒక ముసలామె మాటలతోనే పొద్దు గడిచిపోయింది అత్తా."

"అంతమంది మొగోళ్ళు ఉండి ఆమెను ఆపలేకపోయిన్రా?"

ఆ మాట గంగారాంకు ముల్లులా గుచ్చుకుంది. పట్నానికి వెళ్ళగానే సభా నిబంధనల సంఘంలో చోటు సంపాదించాడు. అక్కడ కూడా కుదురుగా కూర్చోలేదు. ఒకసారి కిటికీ దగ్గరికి, ఒకసారి తలుపు దగ్గరికి తిరుగుతూనే తను తేదలచుకున్న మార్పు చెప్పాడు. ఇకనుంచి క్లాజులు చదవక్కర్లేదు. బిల్లు ప్రతిని అందరి బల్లల మీదా పెడతారు. కావలసినవాళ్ళు చదువుకుంటారు. సభాపతి బిల్లు మొత్తానికీ కలిపి ఒక్కసారే అవునా కాదా అని అడుగుతాడు. పెందలాడే ఇళ్ళకు పోవచ్చని చాలామందికి ఈ ఆలోచన తెగ నచ్చింది.

సుభద్రమ్మకు నచ్చలేదు. "పైకి చదువుతుంటే నా పక్కన కునుకు తీసేవాడి చెవిలో కూడా ఒక ముక్క పడుతుంది. కాగితం బల్ల మీద పెడితే మెలకువగా ఉన్నవాడు కూడా తిప్పి చూడడు. చూసినా మరిచిపోతాం. నాకైతే ఈమధ్య పేజీ తిప్పేలోపే వెనక పేజీ జారిపోతోంది. విన్నదానికైతే అవునంటాను. మనసులో లేనిదానికి అవునని ఎలా అనను?" అంది.

"మీకు గుర్తుండటం లేదని సభ అంతా ఆగిపోవాలా అమ్మా?" అన్నాడు గంగారాం. అందరూ బల్లలు చరిచారు. సుభద్రమ్మ కూర్చుండిపోయింది. కొత్త నిబంధన సభలో నెగ్గింది.

తరువాతి సమావేశాల్లో చెరువుల బిల్లు మళ్ళీ వచ్చింది. ఈ మధ్యలో అధికారులు దాన్ని తిరగరాశారు. అందరి బల్లల మీదా దాని ప్రతి ఉంది. గంగారాం దాన్ని విప్పి చూడలేదు. అది తన బిల్లు. అందులో ఏముందో తనకు తెలియదా ఏమిటి?

సభాపతి బిల్లు పేరు చదివాడు. సుభద్రమ్మ ప్రతిలో ఒకచోట వేలు ఆనించి పట్టుకుని లేచింది. "అధ్యక్షా, ఒక్క మాట. గేట్లు ఉన్న..." అంది. గంగారాం మోకాలు ఆడింది. "కొత్త నిబంధన! కొత్త నిబంధన! కూర్చోండమ్మా!" అని అరిచి బల్ల చరిచాడు. చుట్టుపక్కలవాళ్ళు కూడా చరిచారు. ఆమె నోరు కదలడమే కనిపించింది, మాట వినిపించలేదు.

"ఒప్పుకునేవారు అవును అనండి" అన్నాడు సభాపతి.

"అవును!" అన్నాడు గంగారాం. అందరి గొంతులకన్నా అతని గొంతే పైన పలికింది. ఒక్క తుమ్ము తుమ్మేంతలో బిల్లు నెగ్గింది.

నాగులవంకలో గంగారాంకు సన్మానం పెట్టారు. ఎల్లవ్వ తన చేతులతో బంతిపూల దండ వేసింది. అతను లేచి మాట్లాడబోతుంటే అటునుంచి డప్పు వినిపించింది. "నాగులవంక చెరువు చేపల హక్కు వేలం వేయబడును! పాడుకునేవారు రావలెను!" అని చాటింపు వేస్తున్నారు. వాడవాళ్ళు ముందు నవ్వారు. పాత చాటింపేదో పొరపాటున వేస్తున్నారనుకున్నారు. చాటింపు వెంట వచ్చిన అధికారి మాత్రం నవ్వలేదు.

"గేట్లు ఉన్న చెరువులకు కొత్త చట్టం వర్తించదండీ. అవి శాఖ కిందే ఉంటాయి. అలాగే రాసి ఉంది" అన్నాడు.

పోయిన వరదలకు నాగులవంక చెరువులో ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే మత్తడి తెగింది. మళ్ళీ కడుతూ దానికి గేట్లు పెట్టారు. ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు, గంగారాంకు ఇంకా బాగా తెలుసు.

ఎల్లవ్వ అతని వైపు తిరిగింది. "అప్పుడు నువ్వు ఆడ లేవా బిడ్డా?"

"ఉన్నాను అత్తా."

"మరి ఆ మాట చదువుతుంటే కాదని అనలేదా?"

"చదవలేదు. ఎవరూ చదవలేదు."

"ఎందుకు చదవలే?"

"చదవక్కర్లేదని నిబంధన మార్చారు."

"ఎవరు మార్చిన్రు?"

గంగారాం మెడలోని దండ తీసి కుర్చీ మీద పెట్టాడు. వాడలో ఒక్కరూ అతన్ని తిట్టలేదు. కొందరు తలలు వంచుకుని వలలు ఆరేసిన వైపు వెళ్ళిపోయారు. ఆ ఏడు కూడా వాళ్ళు కూలికే వల లాగారు.

గంగారాం పట్నానికి వెళ్ళి మంత్రి మీద విరుచుకుపడ్డాడు. "నాతో ఒక్కమాట చెప్పకుండా ఆ క్లాజు ఎలా పెట్టారు?"

"పెద్ద చెరువుల నీటి లెక్కలు కష్టమవుతాయని అధికారులు పెట్టారు. దాచిపెట్టలేదుగా, మీ బల్ల మీదే ఉంది. పైగా అందరికన్నా గట్టిగా అవునన్నది మీరే" అన్నాడు మంత్రి.

అక్కడినుంచి నేరుగా సుభద్రమ్మ ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, ఆ రోజు మీరు అడగబోయింది ఇదేనా?" అన్నాడు.

"ఇదే. గేట్లు ఉన్న చెరువుల బెస్తవాళ్ళు ఏం పాపం చేశారని అడుగుదామనుకున్నాను."

"ఇంకొంచెం గట్టిగా అరవాల్సిందమ్మా."

"అరిచాను నాయనా. నీ బల్ల నాకన్నా గట్టిగా అరిచింది" అంది. తరువాత అతని మొహం చూసి, "లోపలికి రా. మజ్జిగ తాగు. తప్పంతా నీ ఒక్కడిదీ కాదులే. మొదటిసారి నేనే అనవసరంగా సాగదీశాను. లేకపోతే నీకు ఆ నిబంధన తెచ్చే అవసరమే పడేది కాదు" అంది.

ఇద్దరూ కూర్చుని కొత్త పద్ధతి ఒకటి ఆలోచించారు. క్లాజులన్నీ మళ్ళీ పైకి చదవాలి. ఏ క్లాజు మీదైనా ఒక్కో సభ్యుడు ఒక్క ప్రశ్నే అడగాలి. ఆ ప్రశ్న పూర్తయ్యేదాకా ఎవరూ బల్ల చరచకూడదు. "ఒక్క ప్రశ్నేనా?" అని సుభద్రమ్మ కాసేపు గొణిగింది గానీ చివరికి ఒప్పుకుంది.

గంగారాం ఈ మార్పు ప్రతిపాదించినప్పుడు సభ అతన్ని ఆటపట్టించింది. "ఏం గంగారాం గారూ, గడియారం పోయిందా?" అన్నాడొకడు. "కట్టినవాడే కూల్చేస్తే మేం ఎక్కడ కూర్చోవాలండీ?" అన్నాడింకొకడు. అతను అన్నీ పడ్డాడు. నాగులవంకలో ఏం జరిగిందో ఏమీ దాచకుండా చెప్పాడు. "ఇవాళ నా ఊరు. రేపు మీ ఊరు" అన్నాడు. నవ్వులు తగ్గాయి. మార్పు నెగ్గింది.

ఆ తరువాత గేట్ల క్లాజును తీసేసే బిల్లు వచ్చింది. దాని వంతు వచ్చేసరికి సమావేశాల చివరి రోజు అయింది. ఆ రోజు గడిచిపోతే నాగులవంకలో మళ్ళీ వేలమే. సభాపతి ఒక్కో క్లాజూ చదువుతుంటే గంగారాం గడియారం వైపే చూస్తున్నాడు. చివరి క్లాజు దగ్గరికి వచ్చేసరికి వెనక వరుసలోంచి సోమ్లా అనే కొత్త సభ్యుడు లేచాడు. అతనిది గుట్టల మీది తండా. మాట్లాడటం అలవాటు లేదు.

"అధ్యక్షా... మా తండా పక్కన ఒక కుంట ఉంది... మా తాత వాళ్ళు తవ్వుకున్నారు... అంటే అప్పట్లో వానలు లేక..." అని ఎక్కడినుంచో మొదలుపెట్టాడు.

సభ్యులు సంచులు సర్దుకుంటున్నారు. గంగారాం మోకాలు ఆడింది. చెయ్యి దానంతట అదే బల్ల మీదికి లేచింది. కూర్చోవయ్యా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో డప్పు మోగిన పూట ఎల్లవ్వ అడిగిన ప్రశ్నలు మనసులో మెదిలాయి. లేచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని కిందికి దించుకున్నాడు. పళ్ళు బిగబట్టుకుని విన్నాడు.

సోమ్లా తడబడుతూనే చివరికి అసలు మాటకు వచ్చాడు. "మా దగ్గర సంఘం లేదండీ. సంఘం లేని చోట ఆ చెరువు, దగ్గరలో ఉన్న వేరే సంఘానికి పోతుందని ఇందులో ఉంది. దగ్గరలో ఉన్నది నాగులవంక సంఘమే. మరి మా కుంటలో మేం ఏం కావాలి?"

గంగారాంకు అప్పుడు తట్టింది. తన వాళ్ళకు గుత్తేదారు చేసిందే రేపు తన వాళ్ళు తండాకు చేస్తారు. ఆ చట్టానికి తను మళ్ళీ అవునని అరవబోయాడు. గంగారాం లేచాడు.

"అధ్యక్షా, ఆ క్లాజు మార్చాలి. మార్చి రాయడానికి సమయం కావాలి. సభను రేపటిదాకా పొడిగించండి" అన్నాడు.

"ఆగుదామంటున్నది గంగారామేనా?" అని ఎవరో నోరెళ్ళబెట్టారు. రేపు సభ్యులు తగినంతమంది లేకపోతే బిల్లు పోయినట్టేనని సభాపతి హెచ్చరించాడు. గంగారాంకు భయం వేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆ సాయంత్రం అంతా ఒక్కో సభ్యుడి దగ్గరికీ వెళ్ళి, ఈ ఒక్క పూట ఉండండని బతిమాలాడు. "మా అమ్మాయి పెళ్ళిచూపులయ్యా" అన్నవాడి దగ్గర కూడా కదలకుండా కూర్చుని, ఆ పెళ్ళి కబురంతా విన్నాడు. ఆ పెద్దమనిషి చివరికి మెత్తబడి, "సరే, మధ్యాహ్నం బండికి పోతాలే" అన్నాడు.

మర్నాడు సభ నిండింది. తండా కుంటలు తండాలకే అని క్లాజు మారింది. సభాపతి దాన్ని ఆసాంతం చదివి, అవునా కాదా అని అడిగాడు. గంగారాం ఈసారి మామూలు గొంతుతోనే అవునన్నాడు. బిల్లు నెగ్గింది.

నాగులవంకకు వెళ్ళేసరికి ఎల్లవ్వ గట్టు మీద వల బాగుచేస్తోంది. "నిన్ననే అయిపోతదంటివి కద బిడ్డా. రాత్రంతా నాకు కంటి మీద కునుకు లేదు" అంది.

"ఒక కుర్రాడు ఒక మాట అడిగాడు అత్తా. వినాల్సి వచ్చింది" అని అంతా చెప్పాడు.

ఎల్లవ్వ వల పక్కన పెట్టింది. "అయితే ఆ కుంట మనకే వచ్చేదా?"

"వచ్చేది."

"మరి ఆ తండా వాళ్ళకో?"

"మన దగ్గర కూలి దొరికేది."

ఎల్లవ్వ తన భుజం తడుముకుంది. "కూలికి వల లాగితే భుజం ఎట్ల గుంజుతదో మనకు తెల్వదా? ఒక్క రోజు ఆలస్యమైతే ఏంది. మంచి పని చేసినవు" అని మళ్ళీ వల అందుకుంది.

ఎదుటివారి మాట వినడానికి పట్టే కాలం వృథా కాదు. వినకుండా అవునన్న తప్పును దిద్దుకోవడానికి పట్టే కాలమే వృథా.