అడ్డమ్మ కనుమ

అమ్మలారా, అయ్యలారా, కాస్త ముందుకు జరిగి కూర్చోండి. పిల్లల్ని ఒళ్లోకి తీసుకోండి. ఈ కథలో భయపడవలసిన చోటు ఒకటుంది.

పూర్వం ఈ కొండలకు తూర్పున రాజ్యమేలిన గండభూపతి, పొరుగురాజుతో సంధి చేసుకొని, కనుమకు ఆవలనున్న నేలనంతటినీ పొందాడు. పొందాడే గాని, దానిని కళ్లతో చూసినవాడు ఆయన కొలువులో ఒక్కడూ లేడు. నల్లరేగడి భూములున్నవని, ఏడాది పొడవునా పారే ఏరున్నదని చెప్పుకోవడమే. తొలకరికి ముందే కొండ దాటి విత్తనం చల్లినవారిదే ఆ భూమియని, వెనుదిరిగినవారికి తన రాజ్యంలో నిలువనీడ ఉండదని ప్రభువు చాటింపు వేయించగా, కరవుతో మాడిన ఒక పల్లెవారు ఇళ్లు విడిచి, విత్తనాల బస్తాలు బండ్లకెక్కించుకొని గొంకినాయకుని వెంట కనుమ పాదానికి చేరుకున్నారు.

దారి చూసి రమ్మని బొల్లన అనేవాణ్ణి కొందరి తోడుతో ముందు పంపారు. అడవిదారులు పట్టడంలో అతనంతటివాడు లేడు. వాళ్లు తిరిగి రాలేదు. వాళ్లను వెదకబోయిన రెండవ జట్టూ తిరిగి రాలేదు. ఒక కేక లేదు, ఒక ఎముక లేదు. పులి అయితే ఏదో ఒకటి మిగులుస్తుంది గదా అని పెద్దలు గొణుక్కున్నారు. మధ్యాహ్నం దాకా విడవని ఆ మంచులో పశువులు మేత మాని, కొండవైపు మోరలెత్తి నిలబడేవి. బిడ్డ ఏడిస్తే తల్లులు నోట గుడ్డ కుక్కేవారు, కొండ వింటుందని. పోయినవారి పేరెత్తడానికే జనం జంకారు.

ఇంతలో పడమట మబ్బు పట్టింది. ఇక ఆగితే విత్తే అదను తప్పుతుందని, మర్నాడు అందరూ ఒక్కుమ్మడిగా బయలుదేరాలని గొంకినాయకుడు నిశ్చయించాడు. బొల్లన భార్య పోలసాని మాత్రం ఎవరితోనూ చెప్పక, వారికంటే ముందే, వేకువనే మగణ్ణి వెదుకుతూ కొండెక్కింది.

మనవారి ఆచారం మీకు తెలియనిది కాదు. దారి రెండుగా చీలినచోట, ముందు నడిచినవాడు తాను విడిచిన దారికి అడ్డంగా ఒక పచ్చిమండ విరిచి వేస్తాడు. వెనుకవాడు ఆ మండను చూసి రెండవదారి పడతాడు. ముందువాడు వేసిన మండను వెనుకవాడు తీయరాదు. కనుమ మధ్యన అటువంటి చీలిక వద్ద, రాళ్లతో ఇరుకైన దారికి అడ్డంగా ఎండిన మండ ఒకటి కనబడింది. దానికి తీగను రెండుమార్లు మెలివేసిన తీరు చూచి, అది తన మగడు వేసినదేనని పోలసాని గుర్తుపట్టింది. ఆయన చూపిన దారే గదా అని, మండ లేని వెడల్పాటి బాటన నడిచింది.

ఆ బాటను తొక్కి మెత్తపరచినవి మనుషులు కావు, ఉప్పుమట్టి నాకడానికి వచ్చే అడవిదున్నలు. బాట చివర నిలువెత్తు గడ్డి. గడ్డి పాయదీసి అడుగు వేయబోయి ఆమె ఆగింది. నాయనలారా, గద్దలు ఆమె కాళ్ల కింద ఎగురుతున్నాయి. అంచున ముళ్లపొదకు బొల్లన తలపాగా చిక్కుకొని ఉంది.

అప్పుడామెకు సర్వమూ బోధపడింది. బొల్లన పొరబడి అసలుదారిని మూశాడు. తప్పు తెలిసేసరికి వచ్చి తీయడానికి ఆయన లేడు. ఆ మండనే నమ్మి రెండవ జట్టు పోయింది. ఇప్పుడు ఊరంతా బిడ్డలతో, బండ్లతో అదే మండను నమ్మి వస్తున్నది. వెనుదిరిగి పరుగెత్తుతూ రాళ్లలో పడి కాలు విరగ్గొట్టుకొని, మోచేతులపై పాకుతూ చీలికకు చేరి, మగని చేతి ఆఖరి గురుతైన ఆ మండను తీసి పారవేసింది.

బండ్లు వచ్చాయి. ఆమె చెప్పినది ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. ఈ మేకలదారిలో బండి ఎట్లా పోతుంది, నీ నెత్తిన పెట్టి మోస్తావా వదినా అని వెనుకనుంచి ఒకడు వెక్కిరించాడు.

"పెనిమిటి వేసిన మండ తీశావా?" అన్నాడు గొంకినాయకుడు. "దుఃఖంతో నీకు మతి పోయింది తల్లీ. పక్కకు జరుగు."

"వేసిన చెయ్యి నాకు తెలుసు మామా. మళ్లీ వచ్చి తీయడానికి ఆ చెయ్యి లేదు. అందుకే నేను తీశాను," అని పోలసాని ఆ వెడల్పాటి బాటకు అడ్డంగా పడుకున్నది.

ఆ క్షణాన ఉప్పువాసన తగిలిన నాయకుని కోడె ఒకటి పలుపు తెంచుకొని, ఆమె మీదుగా దూకి మంచులోకి పోయింది. దాని మెడగంట అందరికీ వినబడుతూనే ఉంది. ఆ చప్పుడు దూరమై సన్నగిల్లలేదు. ఉన్నట్టుండి ఆగిపోయింది.

గొంకినాయకుడు తలపాగా తీసి ఆమె పాదాల వద్ద పెట్టాడు. బండ్లు విప్పి, చక్రాలు నెత్తిన మోసుకొని జనం ఇరుకుదారి పట్టారు. ఆమెను ఎత్తబోతే నలుగురు మగవాళ్లకూ కదలలేదు. వెనుక ఇంకా వేరే ఊళ్లవాళ్లు వస్తారు, వాళ్లు దాటేదాకా నేను లేవను అన్నదట. విత్తనాలు చల్లి ఆమెను తీసుకుపోవడానికి వచ్చినవారికి, బాటకు అడ్డంగా పడుకొన్న నిడుపాటి నల్లరాయి కనబడింది. ఆ తల్లే మన అడ్డమ్మ. ఆమె వలననే ఇది అడ్డమ్మ కనుమ అయింది.

నేటికీ ఆమెకు కొబ్బరికాయ కొట్టరు, పూలు పెట్టరు. కొండెక్కేవారు రాతిమీది ఎండుమండను తీసి, పచ్చిమండ వేసి దణ్ణం పెట్టి పోతారు. ఎడ్లను ఎంత అదిలించినా అక్కడ ఒక్కమారు ఆగి గాని కదలవు.

తండ్రులారా, ఇళ్లకు పోయాక కథంతా మరచినా సరే, ఆ తల్లి మండ తీసిన సంగతి మాత్రం మరవకండి. వేసినది మన ఇంటివాడే కావచ్చు, మనం ప్రాణంగా ప్రేమించినవాడే కావచ్చు. తప్పుదారి పట్టించే గురుతును మీ చేత్తో మీరే తీయండి, వెనుక బిడ్డలు వస్తున్నారు.