మడ కట్టెల గంజి

ఖాదరు ఎంత గంజి కాచినా చాలడం లేదు.

నది సముద్రంలో కలిసేచోట గౌస్ షా బాబా గుడిసె. బాబాకు శిష్యుడైన కొత్తలో ఖాదరు చిన్న గిన్నెలో కాచి జాలరిపేట వాళ్లకు పోసేవాడు. ఇప్పుడు పెద్ద డేగిసా పెట్టినా అడుగు గీకాల్సి వస్తోంది. ఒకపక్క బెంగ, మరోపక్క గర్వం. ఇంతమంది ఆకలి తీరుస్తున్నాను కదా అని లోలోపల మురిసిపోయేవాడు, పాపం.

ఆ ఉదయం జాలరిపేట కాసులమ్మ గిన్నె లేకుండా వచ్చింది.

“నీ గంజికి వంక పెట్టను బాబూ. వల్లో ఏటీ పడతం లేదు. రేపు పిల్లల్నేసుకుని ఇటికల బట్టీకి ఎల్లిపోతన్నాం. సెప్పి పోదావని వచ్చాను.”

ఖాదరు గురువు దగ్గరికి పరుగెత్తి సంగతి చెప్పాడు.

“ఇంకో డేగిసా పెడదాం బాబా. కట్టెలకేం కొదవ, మడ అడవి పక్కనే ఉంది. ఎప్పటిలాగే నేను కొట్టుకొస్తాను.”

బాబా గొడ్డలితో సహా శిష్యుణ్ణి పడవెక్కించాడు.

మంచు ఇంకా విడలేదు. పోటు నీరు చప్పుడు లేకుండా పాయలోకి ఎక్కుతోంది. పడవ కదులుతోందో, ఒడ్డులే వెనక్కి జరుగుతున్నాయో ఖాదరుకు తెలియలేదు. మడచెట్లు నిలబడే నిద్రపోతున్నట్టున్నాయి. వాటి వేళ్ల మధ్య పడవ ఆపి, “చెయ్యి నీళ్లలో పెట్టు” అన్నాడు బాబా.

పెట్టాడు. కాసేపటికి ఏదో గిలిగింత. గోరంత చేపపిల్లలు, కంటికి ఆనీ ఆనని రొయ్యపిల్లలు, వందలకు వందలు. ఖాదరు పసివాడిలా నవ్వాడు.

“కాసులమ్మ వలలో పడే చేపలు పసితనంలో ఉండేది ఇక్కడే” అన్నాడు బాబా.

పడవ ఇంకొంచెం ముందుకు సాగింది. అక్కడ చెట్లు లేవు. బురదలో మొదళ్లు మాత్రం ఉన్నాయి, అన్నీ ఖాదరు నరికినవే. ఈసారి చెప్పకుండానే నీళ్లలో చెయ్యి పెట్టాడు. చాలాసేపు ఉంచాడు. చన్నీళ్లు తప్ప ఏమీ తగల్లేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

బాబా ముసలి కాళ్లతో బురదలోకి దిగాడు. నీళ్లమీద తేలుతున్న మడ మొలక ఒకటి అందుకుని ఒక మొదలు పక్కన గుచ్చాడు.

ఖాదరుకు ఏడుపొచ్చింది. “అది చెట్టయ్యేసరికి ఏళ్లు పడుతుంది బాబా. కాసులమ్మ రేపే వెళ్లిపోతోంది.”

బాబా ఇంకో మొలక కోసం వంగాడు.

“వెళ్తుంది బేటా. మళ్లీ రావాలంటే ఇక్కడ ఏదో ఒకటి ఉండాలి కదా.”