కూత రాని మధ్యాహ్నం

నరహరి మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వేసుకుంటారు. జవాబు ఇంట్లో కూర్చుంటే దొరకదని ఆయన గట్టి నమ్మకం. ఆయన పుట్టించిన 'తీగ' అనే కంప్యూటర్ భాషను ఇప్పుడు చూసుకుంటున్నది శిష్యురాలు వకుళ. తీగలో ప్రతి ఆజ్ఞ చివరా 'అంతే' అని రాసి తీరాలి, లేకపోతే ప్రోగ్రాం కదలదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అది మరిచిపోయి తలలు పట్టుకుంటుంటే వకుళకి ప్రాణం ఉసూరుమనేది. అందుకని ఆ మాట ఎత్తేసి, రాతలో ఒక వరస ముగిస్తే ఆజ్ఞ ముగిసినట్టేనని మార్చేసింది. రేపోమాపో విడుదల చెయ్యాలి.

"తప్పని తెలిశాక కూడా పాత నియమాన్ని ఎందుకు మొయ్యాలి మాస్టారూ?" అని అడిగింది.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

ఇద్దరూ పోలమ్మపేట రేవులో బస్సు దిగారు. అక్కడ తుపాను సైరను స్తంభం ఉంది. దాన్ని నడిపేది తీగలో రాసిన పాత ప్రోగ్రామే. రాసినాయన కాలం చేసి చాలా ఏళ్ళయింది. కొత్త తీగను ఇక్కడ కూడా పెట్టి చూడమన్నారు మాస్టారు. ఓస్, ఇంతేనా అనుకుంది వకుళ. రేవు పెద్ద సూరాడ ఎల్లయ్య దగ్గర సైరను గది తాళంచెవి తీసుకుని పెట్టేసింది. ఆకాశం నిర్మలంగా ఉంది, పడవలన్నీ వేటలో ఉన్నాయి.

మధ్యాహ్నమైంది. రోజూ ఆ వేళకి కూసే సైరను కూయలేదు.

ఆ ప్రోగ్రాం రాసిన మహానుభావుడు ఒక్కో ఆజ్ఞనూ రెండు మూడు వరసలు సాగదీసి, అప్పుడుగాని 'అంతే' అనలేదు. కొత్త తీగ మొదటి వరస దగ్గరే చతికిలబడింది. వకుళ ఈ సంగతి పోల్చుకునేలోపే ఇళ్ళలోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఒడ్డున నిలబడ్డారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. ఎల్లయ్య నీళ్ళకేసి చెయ్యి చూపించాడు.

"మజ్జానం కూత ఇనబడకపోతే సైరను సచ్చిందని లెక్కమ్మా. అది బతికి లేనప్పుడు మావోళ్ళు సముద్రం మీదుండరు. అల్లదుగో, వొచ్చేస్తన్నారు."

దూరాన నువ్వుగింజల్లా ఉన్న పడవలు ఒకదాని తర్వాత ఒకటి ఒడ్డుకేసి తిరిగాయి. వకుళ తీసేసింది ఒక్క చిన్న మాట. తీగ అనే పేరైనా వినని మనుషులు, వేసిన వలలు సగంలో లాక్కుని, అంత సముద్రాన్నీ వదిలేసి వస్తున్నారు. ఇంతమంది బతుకు తన చేతికింద ఉందని ఆమెకి ఏనాడూ తట్టలేదు. భయమో భక్తో తెలియలేదు గాని కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. గబగబా పాత తీగను మళ్ళీ పెట్టింది. సైరను కూసింది. పడవలు కాసేపు తటపటాయించి సముద్రం లోపలికి మళ్ళాయి. ఆడవాళ్ళు పొయ్యిల దగ్గరికి వెళ్ళిపోయారు.

వకుళ మాస్టారి పక్కకి వచ్చి నిలబడింది. అయితే ఇంకెప్పటికీ మార్చకూడదా అని అడిగింది.

మాస్టారు ఇంకా పడవలకేసే చూస్తున్నారు. "మార్చొద్దని నేనెప్పుడన్నానమ్మా? వాళ్ళనొక మాట అడిగి మార్చు."