కాదన్న నోటికి దక్కిన వరం

పూర్వం, మనుషుల మాటకు దేవతలు ఇంకా చెవి ఒగ్గుతున్న కాలంలో, వేత్రవతీ నదీతీరాన శంఖపురమనే నగరాన్ని రాజధానిగా చేసుకొని, శత్రుభయంకరుడూ ప్రజావత్సలుడూ అయిన వసుకేతు మహారాజు ధర్మం తప్పకుండా రాజ్యమేలుతుండేవాడు. ఆయనకు లేకలేక కలిగిన ఏకైక పుత్రిక కాంతిమతి. తొమ్మిదేళ్ల ఆ చిన్నారిని విషజ్వరం పట్టుకొని, పద్నాలుగు రోజులు గడిచినా విడవక, ఒంటిని కాల్చి, గొంతు ఎండగట్టి, ఊపిరిని దారంలా సన్నగిల్లజేసింది. ఆస్థాన వైద్యులందరూ నాడి పట్టి చూసి, పెదవి విరిచి, ఒకరి వెనకాల ఒకరు నక్కి నిలబడ్డారు. బిరుదులు పుచ్చుకునేటప్పుడు మాత్రం వీళ్లే ముందు వరుసలో ఉండేవారు లెండి.

దిక్కుతోచని రాజు కబురంపగా, తపోధనుడూ సకలౌషధ మర్మజ్ఞుడూ అయిన నిరామయ మహర్షి కొండ దిగివచ్చి, బాలికను పరీక్షించి, వెంట తెచ్చిన ఒక నల్లని దుంపను సభ నడుమ ఉంచి ఇలా అన్నాడు.

"రాజా! ఈ జ్వరానికి మందు ఇదొక్కటే. దీని పేరు నీలకందం. కొలత కుదిరితే అమృతం, రవ్వంత మించితే కాలకూటం. ఆ కొలత ఎరిగిన పెద్దలు గతించారు. ఆరోగ్యవంతుడైన మనిషి దీన్ని తాగినప్పుడు, నుదుట చెమట పట్టి, స్పృహ తప్పకుండా ఉన్న కొలతే సరైన కొలత. నేనే తాగుదును గాని, అరవై ఏళ్లుగా కనబడిన ప్రతి వేరునూ కొరికి రుచి చూసిన ఈ దేహానికి విషాలన్నీ చుట్టాలైపోయాయి. నా మీద పరీక్షిస్తే లెక్క తప్పుతుంది. రెండు రోజుల్లో మందు పడకపోతే బిడ్డ దక్కదు."

అంతట మంత్రి సునీతి లేచి, "ప్రభూ, ఇంత చిన్న విషయానికి చింత ఎందుకు? ఉప్పు వర్తకుడైన ధనగుప్తుణ్ణి దారికాచి చంపిన కరాళుడు చెరలో ఉన్నాడు. ఎల్లుండి శూలం ఎక్కవలసినవాడే. వాడి నోట్లో పోద్దాం. పోతే రెండు రోజులు ముందు పోతాడు" అన్నాడు. రాజు ముఖం ఒక్కసారిగా విప్పారింది. కన్నతండ్రి మనసు మరి! దాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

మహర్షి మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"మంత్రివర్యా! మూలికను తవ్వబోయే ముందు, క్రితంనాటి సాయంకాలమే దాని ఎదుట చేతులు జోడించి, 'తల్లీ, రేపు ఫలానావారి కోసం నిన్ను తీసుకుంటాను, ఒప్పుకో' అని వేడుకోవడం మా వైద్యుల ఆచారం. నోరులేని మొక్కనే అడిగి కోసేవాణ్ణి, నోరున్న మనిషిని అడగకుండా విషం ఎలా పట్టను? శూలం వాడి నేరానికి శిక్ష. నా మందు ఏ నేరానికి శిక్ష? వాణ్ణి పిలిపించండి, అడుగుదాం. తాగితే ప్రాణం దక్కుతుందని ఆశ మాత్రం చూపవద్దు. ఆశ కూడా సంకెలే."

సంకెళ్లతో వచ్చి నిలిచిన కరాళుడికి మహర్షి ఉన్నదున్నట్టు చెప్పాడు. వాడు గడ్డం గోక్కుంటూ విన్నాడు.

"తాగితే చావొచ్చంటారు. తాగనంటే ఏం చేస్తారు సామీ?"

"ఏమీ చేయం."

"అయితే నేను తాగను. ఎల్లుండి చావు నేను చేసుకున్నది, ఏడ్చినా తప్పదు. ఈ రెండు రోజులు మాత్రం నావి."

సభ భగ్గుమన్నది. రాజు కత్తి దూసి సింహాసనం మీది నుంచి ఒక్క దూకున వచ్చేసరికి, నిరామయుడు తన వృద్ధదేహాన్ని ఇద్దరి నడుమ నిలిపాడు. కత్తి జారిపోయింది. అంతటి శత్రుభయంకరుడూ నేల మీద కూలబడి, "మహర్షీ! నా బిడ్డ చచ్చిపోతుందయ్యా! ఒక హంతకుడి కోసం నా పిల్లను చంపుతావా?" అని బావురుమన్నాడు.

ముని కళ్లు కూడా చెమ్మగిల్లాయి. "ఆ బిడ్డ పోతే నా చేతులమీదుగానే పోతుంది నాయనా. ఆ దుఃఖం బతికినన్నాళ్లూ మోస్తాను. కాని వైద్యుడు ఒకరిని బతికించడానికి మరొకరిని వాడుకోవడం మొదలుపెడితే, రేపు అతడి గడప తొక్కడానికి ఎవడు ధైర్యం చేస్తాడు?"

రాజు కన్నీళ్లు తుడుచుకొని తలెత్తాడు. "చెట్టునూ పుట్టనూ, చివరికి దొంగనూ అడిగావు. నన్నెందుకు అడగవు?"

మంత్రి లబోదిబోమని అడ్డుపడ్డాడు. "సింహాసనం మీద ఎవరైనా కూర్చుంటారు సునీతీ, ఆ పిల్లకు నాన్నను నేనొక్కణ్ణే" అని రాజు అతణ్ణి పక్కకు నెట్టాడు. జరగబోయే కీడంతా దాచకుండా విప్పి చెప్పి, ముమ్మారు అడిగి, మూడుసార్లూ ఔననిపించుకున్న మీదటనే మహర్షి గంధపు సాన అందుకున్నాడు.

మర్నాడు సూర్యోదయాన, సభామధ్యంలో, రాజు గురిగింజ ఎత్తు మందు తాగాడు. ఏమీ కాలేదు. కొంతసేపటికి మరో గురిగింజ ఎత్తు తాగాడు, వెరసి రెండు. పెదవులు నల్లబడి, కాళ్లు చల్లబడి, గోడకు చేరగిలబడ్డాడు గాని నుదుట చెమట చుక్క లేదు. "ఇంకా పొయ్యి" అని గొణిగాడు. "ఇక పోయను. విషం మీద విషం చేరి గుండె ఆగిపోతుంది. కొలత ఇంకా కొంచెం పైన ఉంది. దాన్ని చూడటానికి వేరే దేహం కావాలి" అన్నాడు మహర్షి. లోపలి నుంచి దాసీలు వచ్చి బాలికకు ఊపిరి తప్పుతోందని చెప్పి గొల్లుమన్నారు. వీరులు, శూరులు అందరూ తమ కాలి గోళ్లు చూసుకున్నారు.

"సామీ, నాకివ్వండి."

అన్నది, రాజు తాగడం చూస్తానని అడిగి భటుల నడుమ సభకు వచ్చి నిలిచిన కరాళుడు.

"నిన్న వద్దన్నావు కదా?" అన్నాడు ముని.

"వద్దంటే నిజంగానే వదిలేశారు. పుట్టి బుద్ధెరిగాక నా మాట చెల్లింది నిన్ననే. ఆ పిల్ల కోసం రాజే గరళం మింగుతుంటే గుడ్లప్పగించి చూడ్డానికి నేనేమన్నా రాయినా?"

"తాగినా నీ శిక్ష తగ్గదు సుమా!"

"తెలుసు. నేను బేరానికి రాలేదు."

మహర్షి వాడిని కూడా ముమ్మారు అడిగాడు. వాడు రెండున్నర గురిగింజల ఎత్తు మందు గటగటా తాగి, వణికి, పళ్లు కొరికి, కళ్లు మాత్రం మూయకుండా నిలబడ్డాడు. ఘడియ గడిచేలోగా వాడి నుదుట ముత్యాల్లా చెమట పట్టింది.

"ఇదే కొలత!" అని ఆ శాంతమూర్తి సభంతా మారుమోగేలా కేక పెట్టి, బాలిక కనుక అందులో సగం రంగరించి, పరుగున వెళ్లి కాంతిమతి నాలుక మీద వేశాడు. చూస్తుండగానే ఒళ్లు చెమర్చింది, జ్వరం దిగింది, ఊపిరి నిండింది. పిల్ల కళ్లు తెరిచి, "నాన్నా, ఆకలేస్తోంది" అన్నది. రాజు నవ్వాడో ఏడ్చాడో చెప్పడం నా వల్ల కాదు. నగరమంతటా భేరీలు మ్రోగాయి.

ఆ క్షణాన దివ్యతేజస్సుతో దేవవైద్యులైన అశ్వినీదేవతలు సభలో ప్రత్యక్షమై, రాజును స్పృశించి విషబాధ తొలగించి, నీలకందపు కొలత లోకంలో ఇక ఎన్నడూ మరుగుపడకుండా మహర్షికి వరమిచ్చి, చివరకు కరాళుడి వైపు తిరిగారు.

"నాయనా! నీకేం కావాలి?"

వాడి ప్రాణం వాడి నాలుక చివరే ఉంది. వాడు తల వంచి, "నేను చంపిన ఆ ఉప్పు వర్తకుణ్ణి బతికించండి సామీ. ఆయన్ని నేను అడగలేదు" అన్నాడు.

దేవతలు తథాస్తు అన్నారు. ధనగుప్తుడు ఒంటి దుమ్ము దులుపుకుంటూ సభలోకి నడిచివచ్చి, ఎదురుగా ఉన్న కరాళుణ్ణి చూసి హడలిపోయి స్తంభం చాటుకు పోయాడు. కరాళుడు వెళ్లి అతడి కాళ్ల మీద పడ్డాడు. చచ్చినవాడే సజీవంగా నిలిచాక చంపిన నేరం ఎక్కడిది? రాజు స్వహస్తాలతో ఆ సంకెళ్లు విప్పి, తన రాజ్యంలో ఏ వైద్యుడూ మనిషిని అడగకుండా మందు పరీక్షించరాదని శాసనం వేయించాడు. అశ్వినీదేవతలు అంతర్ధానమయ్యారు.

ఈ వృత్తాంతాన్ని శ్రద్ధగా విన్న రోగికి మందు వికటించదనీ, మనసున నిలుపుకొన్న వైద్యుడికి చేతివాసి తప్పదనీ పెద్దలంటారు. స్వస్తి.