గవమ్మ మింగిన అక్క

అనగనగా, కొండ నీడ మధ్యాహ్నం దాకా లేవని ఒక ఊళ్ళో సుంకి అని ఒక పిల్ల ఉండేది. నీకంటే కాస్త పెద్దది, అంతే.

ఆ కొండకి ఒక గవి ఉంది. గవి అంటే గుహ, నాన్నా. అందులో గవమ్మ తల్లి ఉందని ఊరంతా మొక్కేవాళ్ళు. వెనకటికి ఆ తల్లి కళ్ళు మూసుకుని తపస్సు చేస్తుంటే, మగపెళ్ళివాళ్ళు డప్పులు కొట్టుకుంటూ పెళ్ళికూతురి ఊరికి అటుగా వెళ్ళారంట. ఆపమంటే ఆపలేదంట. అప్పుడు గవమ్మ నోరు తెరిచి అందరినీ మింగేసిందంట. ఆ నోరే గవి. పొద్దువాలే వేళ చెవిపెట్టి వింటే లోపల డప్పులు ఇంకా మోగుతాయని చెప్పుకునేవాళ్ళు. మోగేవి కూడా. సుంకి విన్నది.

సుంకికి ఓబులమ్మ అని ఒక అక్క. గొంగళ్ళు అమ్మడానికి వచ్చే మల్లప్పని చేసుకుంటానని పట్టుబట్టింది. వాళ్ళ నాయన గిడ్డయ్య కొడవలి తీసి, ఆ మాట ఇంకోసారి వినిపిస్తే ఇద్దరినీ నరుకుతానన్నాడు. ఆ తర్వాత ఒకరోజు అక్క కనిపించలేదు. గవి ముందు అక్క చెప్పులు దొరికాయి. "గవమ్మ మింగేసింది" అని అమ్మ ఏడ్చింది. ఊరు నమ్మింది. నాయన అప్పట్నుంచి రోజూ సాయంత్రం కొండకి ఎదురుగా అరుగు మీద కూర్చునేవాడు.

ఏళ్ళు గడిచాయి. సుంకికి ఒక ఆలోచన పట్టుకుంది. మింగితే చచ్చిపోవాలి. చచ్చిపోతే డప్పులు ఎలా కొడతారు? కొడుతున్నారంటే లోపల బతికే ఉన్నారు. మరి అక్క కూడా బతికే ఉండాలి కదా.

అప్పుడు సుంకి పూజారి తాత దగ్గరికి వెళ్ళి, "గవమ్మ నిజంగా మింగిందా తాతా?" అని అడిగింది.

పూజారి తాత దీపంలో వత్తి ఎగదోస్తూ, "పాత కథమ్మా అది. ఉన్నదున్నట్టు పట్టుకుని లాగితే చేతికి రాదు. దూరం నుంచి దణ్ణం పెట్టుకో" అన్నాడు.

ఆ తర్వాత నాయన్ని అడిగింది. "నిజమే. ఇంకెప్పుడూ అడగొద్దు" అన్నాడు నాయన. ముఖం మాత్రం కొండ వైపే ఉంది.

ఆ తర్వాత అమ్మని అడిగింది. అమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆగిపోయింది. "ఎడమ చెయ్యి గోడ మీంచి తియ్యకుండా నడిస్తే, ఆ తల్లి ఎవరినీ ఏమీ చెయ్యదంట" అని, మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

మర్నాడు సుంకి గవిలోకి వెళ్ళింది.

కాస్త దూరం పోయేసరికి వెనక వెలుతురు చిన్నదైపోయి, ఆరిపోయింది. గోడ తడిగా, వెచ్చగా ఉంది, ఆవు నాలుకలాగా. అప్పుడు పసుపు వాసన, మల్లెపూల వాసన వచ్చాయి. ఆ తర్వాత డప్పు మోగింది. బయట విన్నట్టు దూరంగా కాదు, పక్కనే. ఆ తర్వాత చాలామంది అడుగుల చప్పుడు. సుంకి ఆగితే ఆ అడుగులూ ఆగాయి.

చెవి దగ్గర ఎవరో మెల్లగా అడిగారు. "పెళ్ళికూతురు వచ్చిందా?"

సుంకికి పరిగెత్తాలనిపించింది. కానీ చెయ్యి గోడ మీంచి తియ్యలేదు. "నేను కాదు. నేను మా అక్క కోసం వచ్చాను" అంది.

డప్పు ఆగింది. ఎవరో పక్కకి జరిగి దారిచ్చినట్టు, ముఖానికి చల్లటి గాలి తగిలింది. ఆ గాలి వెంటే నడిచింది. నడవగా నడవగా ఎండ కనిపించింది. కొండకి అటువైపు ఒక ఊరు. ఆ ఊరి చివర, గుడిసె ముందు మగ్గం. మగ్గం పక్కన చంటిపిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని ఓబులమ్మ.

అక్కా చెల్లెళ్ళు చాలాసేపు పట్టుకుని వదల్లేదు.

"నిన్ను గవమ్మ మింగిందన్నారక్కా."

"మింగింది. మింగి ఇటువైపు వదిలింది" అంది ఓబులమ్మ. "చిన్నప్పుడు మేకని వెతుక్కుంటూ అమ్మ ఈ దారి కనిపెట్టిందంట. నన్ను మల్లప్ప దగ్గరికి తనే పంపింది. గవమ్మ మింగిందని చెప్పకపోతే నాయన కొడవలితో వచ్చేవాడు."

సుంకికి అంతా అర్థమైంది. ఒక్కటి తప్ప.

"మరి ఇవాళ మీ ఊళ్ళో పెళ్ళి ఎవరిదక్కా? లోపల డప్పులు మోగుతున్నాయి."

ఓబులమ్మ పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది. "ఇది మూఢం కదే. ఈ నెలలో ఎక్కడా పెళ్ళిళ్ళు లేవు" అంది.

ఇద్దరూ కాసేపు గవి వైపు చూడలేదు.

నాయనకి చెప్పొద్దని అక్క ఒట్టు వేయించుకోబోయింది. సుంకి వెయ్యలేదు. మళ్ళీ గోడ పట్టుకుని వచ్చేసింది. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి నాయన అరుగు మీద ఉన్నాడు. కథ అబద్ధమంటే ఈయన కొడవలి తీస్తాడు. ఏమీ చెప్పకపోతే ఈ అరుగు మీదే ముసలివాడైపోతాడు. అప్పుడు సుంకి ఆయన పక్కన కూర్చుంది.

"నాయనా, గవమ్మ దగ్గరికి వెళ్ళొచ్చాను. అక్క బాగుంది. కొడుకు పుట్టాడు. ముక్కు నీదే."

గిడ్డయ్య చెయ్యి ముక్కు మీదకి వెళ్ళింది. "ఆ తల్లి మళ్ళీ పంపిస్తుందా?" అన్నాడు.

"పంపదంట. చూడాలంటే మనమే వెళ్ళాలంట. చేతిలో కొడవలి ఉంటే మాత్రం నోరు మూసేసుకుంటుందంట."

లోపల అమ్మ వింటోంది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ కొండకి బయల్దేరారు. అమ్మ ఏడుస్తూ ముందే లోపలికి వెళ్ళిపోయింది. నాయన గవి ముందు చెప్పులు విప్పాడు. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. అంత పెద్ద మనిషి, చీకట్లోకి చూస్తూ నిలబడిపోయాడు.

"చాలా దూరమా?" అని అడిగాడు.

"కాదు నాయనా. నా చెయ్యి పట్టుకో" అంది సుంకి.

కథేమో కొండ దాటి కంచికి,
మనమేమో మెల్లగా ఇంటికి,
కునుకేమో నీ కంటికి.