ఈత రానివాళ్ళ రేవు

మా గురువుగారు అనంతశయనంగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. మాయ అంటే ఏమిటండీ అని అడిగిన పాపానికి నాచేత ఒక పూటంతా పనసకాయలు కోయించారు. చేతులకంటిన జిగురు ఎంత తోమినా వదల్లేదు. మాయ సంగతి అర్థమైందో లేదో ఇప్పటికీ చెప్పలేను గానీ, ఆయన్ని ప్రశ్న అడిగేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవడం మాత్రం అలవాటైంది.

కామేశానికి ఆ జాగ్రత్త లేదు. కోనసీమవాడు, మనసు మంచిది, మాట దూకుడు. కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. హైదరాబాదులో ఆదివారాలు గురువుగారి పాఠానికి వచ్చే మాలో వయసుకి చిన్నవాడు, చదువుకి పెద్దవాడు. మేమంతా కలిసి కొచ్చిలో దీవులకు వెళ్ళే ఓడ ఎక్కిన మొదటి సాయంత్రమే, డెక్కు మీద టీ తాగుతూ అడిగేశాడు.

"గురువుగారూ, ఏళ్ళ తరబడి మాకు అవే చిన్న చిన్న మాటలు చెబుతున్నారు. కోపం తగ్గించుకోండి, పొద్దున్నే కాసేపు కుదురుగా కూర్చోండి అంటారు. అసలైన లోతులోకి ఎప్పుడు తీసుకెళ్తారు?"

మా అందరికీ టీ గొంతుకి అడ్డం పడింది. గురువుగారు మాత్రం గ్లాసు పక్కన పెట్టి, "రేపు దీవి దగ్గర ఓడ ఆగుతుందట కదా. మనవాళ్ళు సముద్రంలో దిగడానికి మంచి చోటు నువ్వే చూడు నాయనా. నీకు తప్ప ఇక్కడ ఎవరికీ ఈత రాదు. నాకూ రాదు" అన్నారు. కామేశం పొంగిపోయాడు. నాకు పనసకాయ గుర్తొచ్చింది.

మాతో వచ్చినవాళ్ళలో మాణిక్యమ్మగారని ఒకావిడ ఉంది. జగిత్యాల దగ్గరి మనిషి, డెబ్బై దాటాయి, మోకాళ్ళు ఒకపట్టాన వంగవు. చాలా ఏళ్ళ క్రితం తీర్థయాత్రకు వెళ్ళినప్పుడు, సముద్రస్నానం చేస్తే పుణ్యమని చుట్టాలు ఆవిడ చేతులు రెండూ పట్టుకుని అలల్లోకి లాక్కుపోయారు. అల వచ్చి కాళ్ళ కింద ఇసుక లాగేసింది, నోటినిండా ఉప్పునీళ్ళు, ఇసుక. పుణ్యం మాట దేవుడెరుగు, ఆవిడ మళ్ళీ సముద్రంలో కాలు పెట్టలేదు. ఆ తర్వాత ఏ తీర్థానికి వెళ్ళినా ఈవిడ ఒడ్డున కూర్చునేది, ఎవరో ఒకరు చెంబుతో నీళ్ళు తెచ్చి నెత్తిన పోసేవారు. "ఒక్కసారన్నా ఎవ్వరు గుంజకుండ నా కాళ్ళతోని నేనే పోవాలె. గందుకే వచ్చిన" అని ఓడ ఎక్కేటప్పుడే మాకందరికీ చెప్పింది. ఇంకో యాత్రకి ఈ మోకాళ్ళు రావని ఆవిడకి తెలుసు, మాకూ తెలుసు.

తెల్లారాక ఓడ దీవికి దూరంగా ఆగింది. చిన్న పడవల్లో జెట్టీకి చేర్చారు. జెట్టీ పక్కనే ఒక చిన్న రేవు ఉంది. మిలమిల మెరిసే వింతలేమీ లేవు అక్కడ. లాగి పెట్టిన పడవలు, ఎండుచేపల వాసన, నాలుగు కొబ్బరిచెట్ల నీడ. ఊళ్ళో ఆడవాళ్ళు మోకాటిలోతు నీళ్ళలో కూర్చుని, పసిపిల్లల్ని ఒళ్ళో వేసుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. మేమంతా చూశాం, చూసి దాటిపోయాం.

కామేశం రాత్రే ఓడలో వాళ్ళనీ వీళ్ళనీ అడిగి దీవికి అవతలి ఒడ్డు ఖాయం చేశాడు. ఈత రానివాళ్ళు అక్కడ జాగ్రత్తగా ఉండాలని వాళ్ళు చెబితే, నేనున్నానుగా అన్నాడట. ఆటోల్లో వెళ్ళాం. అబద్ధం చెప్పకూడదు, అంత అందమైన చోటు నేను నా జన్మలో చూడలేదు. తెల్లటి ఇసుక, నెమలికంఠం రంగు నీళ్ళు, మనిషెత్తున లేచి విరిగే అలలు. కిందికి దిగడానికి రాతి మెట్లున్నాయి. మాణిక్యమ్మగారిని ఇద్దరం చెరోవైపు పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆపుతూ దింపేసరికి ఆవిడ ముఖం వాడిపోయింది.

సముద్రస్నానంలో గురువుగారు మొదట మునక వేశాకే మేం దిగడం మా పద్ధతి. ఎన్ని తీర్థాలు తిరిగినా అది తప్పలేదు. ఆ రోజు గురువుగారు ఇసుకలో చతికిలబడి, తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చున్నారు. ఆయన దిగలేదు కాబట్టి మేమూ దిగలేదు. ఉన్న మాట చెప్పాలంటే, ఆ అలల్ని చూశాక పద్ధతి ఒకటుండడం మాకు మహా హాయిగా అనిపించింది.

"మీరు దిగితే అందరూ దిగుతారు గురువుగారూ" అని కామేశం బతిమాలాడు.

"నాకు ఈత రాదని చెప్పానుగా" అన్నారాయన.

సరేనని ఆయన అనుమతి తీసుకుని కామేశం ఒక్కడే దిగాడు. వాడి ఈత చూడముచ్చటగా ఉంది. మేమంతా ఒడ్డున వరసగా నిలబడి, పెళ్ళిలో బ్యాండువాళ్ళని చూసినట్టు చూశాం. తనొక్కడే ఈదడం బాగాలేదని కాసేపటికి వాడికే తోచింది కాబోలు, ఒడ్డుకొచ్చి తిన్నగా మాణిక్యమ్మగారి దగ్గరికి వెళ్ళాడు. "రండమ్మా, నేను గట్టిగా పట్టుకుంటాను, మీకేం కాదు" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, అందులో సందేహం లేదు. సొంత తల్లిని పట్టుకున్నట్టు మణికట్టు పట్టుకుని, అంగుళం అంగుళం నడిపించాడు. మొదటి నురుగు పాదాలకి తగిలి, కింద ఇసుక జారగానే ఆవిడ కొయ్యబారిపోయింది.

"బిడ్డా, విడువు" అంది మెల్లగా. "నువ్వు పట్టుకున్నంతసేపు నేను నీ చెయ్యే చూస్తున్న. సముద్రం కనవడ్తలేదు."

కామేశం చెయ్యి వదిలేశాడు. ఆవిడ వెనక్కి వచ్చి మెట్టు మీద కూర్చుని చీర కుచ్చిళ్ళు పిండుకుంది. ఇంటికి పోదాం అన్నట్టుంది ఆ ముఖం. ఇంత దూరం వచ్చి మళ్ళీ చెంబునీళ్ళేనా ఈవిడకి అని నాకనిపించింది. కామేశం తలొంచుకుని కాలితో ఇసుక గీస్తూ నిలబడ్డాడు. అలా తలొంచుకున్న కామేశాన్ని నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

గురువుగారు లేచి ఇసుక దులుపుకున్నారు. "ఆకలేస్తోంది, జెట్టీ దగ్గరికి పోదాం పదండి" అన్నారు. జెట్టీ పక్క కొబ్బరిచెట్ల నీడలో పులిహోర పొట్లాలు విప్పుకు తిన్నాం. ఎదురుగా పొద్దున దాటిపోయిన రేవే. అలలన్నీ ఎక్కడో దూరాన, పగడపు దిబ్బ మీదే తెల్లటి గీతలా విరిగిపోతున్నాయి. ఇవతల నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి. ఒడ్డు ఎక్కడ అయిపోయిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియనంత మెల్లటి వాలు.

తినడం అయ్యాక మేం అలవాటు కొద్దీ గురువుగారి వైపు చూశాం. ఆయన పంచె ఎగగట్టుకుని నీళ్ళ దాకా వెళ్ళి, అంచున ఆగిపోయారు. వెనక్కి తిరిగి, "ఈ పూట మాణిక్యమ్మగారు ముందు" అన్నారు.

ఆవిడ కంగారు పడింది. "అయ్యో, మీకన్న ముందు నేనెట్ల దిగుత అయ్యగారూ?"

"మీరు దిగితే నాకూ ధైర్యంగా ఉంటుందమ్మా" అన్నారాయన. అది వేళాకోళం కాదని ఆయన గొంతులోనే తెలిసింది.

ఆవిడ చెప్పులు విప్పింది. కామేశం అలవాటుగా చెయ్యి చాచి, మళ్ళీ తనే వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ ఒక అడుగు వేసి ఆగింది. పాదాల వైపు చూసుకుంది. ఇసుక కదల్లేదు. ఇంకో అడుగు వేసింది. మోకాళ్ళ దాకా వచ్చాక తల ఎత్తి, ఎదురుగా ఉన్న సముద్రాన్ని ఆ చివర నుంచి ఈ చివరి దాకా చూసింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవడం ఎందుకు. ఆవిడ వెనక గురువుగారు, ఆయన వెనక మేమంతా దిగాం. ఊరి ఆడవాళ్ళు నవ్వుతూ జరిగి చోటిచ్చారు. మాణిక్యమ్మగారు వాళ్ళ భాష రాకుండానే వాళ్ళ మనవళ్ళ లెక్కలన్నీ అడిగేసింది. కామేశం ఈదడానికి చాలని నీళ్ళలో బాసింపట్టు వేసుకుని, ఎవరిదో పసిపిల్లని ఆడిస్తూ కూర్చుండిపోయాడు.

ఓడకి తిరిగి వెళ్ళే పడవ వచ్చింది. ఒక్కొక్కరం ఒడ్డెక్కాం. మాణిక్యమ్మగారు మాత్రం నడుంలోతులో, అలలు విరిగే వైపు చూస్తూ నిలబడి ఉంది.

"అమ్మా, ఇంక రండి, పడవ వచ్చేసింది" అని కామేశం పిలిచాడు.

ఆవిడ వెనక్కి తిరగనైనా లేదు. "జర ఆగు బిడ్డా, ఇంకొంచెం లోపటికి పోయొస్త" అంది.

కామేశం గురువుగారి వైపు చూశాడు. ఆయన పంచె అంచు పిండుకుంటున్నారు.

"ఆవిడని లోతులోకి పొమ్మని నేను ఒక్క మాటైనా అన్నానా నాయనా?" అన్నారు.